తాగునీటి పరీక్ష – నివేదన: నెల్లూరు మెట్ట నుంచి నల్లగొండ దాకా ఫ్లోరైడ్ అంకె ప్రయాణం

వ్యాస సంగ్రహం:

తెలుగు ప్రాంతాల తాగునీటిలో ఫ్లోరైడ్ ఉన్నదన్న విషయం 1937 నాటికే శాస్త్రీయంగా రుజువైంది. ఆ తరువాత ఎనిమిది దశాబ్దాలకు పైగా నీటిని కొలిచే పద్ధతులు మెరుగుపడుతూ వచ్చాయి. కొలిచిన ఫలితం ఎవరికి, ఏ భాషలో, ఏ రూపంలో చేరిందన్న ప్రశ్నకు మాత్రం తగినంత చర్చ జరగలేదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలను, నల్లగొండ జిల్లాను ఆధారంగా చేసుకొని నీటి పరీక్షకూ, దాని నివేదనకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తాగునీరు, ఫ్లోరైడ్, నల్లగొండ, పొదిలి, నీటి పరీక్ష, మంచినీళ్లు, నివేదన.

1. ‘మంచినీళ్లు’ అన్న మాట

తెలుగులో తాగే నీటికి ప్రత్యేకంగా ఒక పేరుంది. అది మంచినీళ్లు. ఇంటికొచ్చిన వారిని ‘మంచినీళ్లు తాగుతారా?’ అని అడుగుతారు. ఊరి బావులను మంచినీళ్ల బావి, ఉప్పునీళ్ల బావి అని విడదీస్తారు. చవిటి నీళ్లు, చప్పనీళ్లు, తియ్యటి నీళ్లు వంటి మాటలన్నీ నాలుకతో చేసిన వర్గీకరణలే. నీటి నాణ్యతను నిర్ణయించే అధికారం ఇక్కడ రుచికి ఉంది. రుచి తరువాతి స్థానం కంటిది. బురదనీటిని చిల్లగింజ అరగదీసి, లేదా పటిక తిప్పి తేర్చుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. మూడో పరీక్ష పొయ్యి మీద జరిగేది. పప్పు మెత్తగా ఉడికితే అవి మంచినీళ్లు, ఉడకకపోతే కావు.

ఈ మూడూ ఆషామాషీ పరీక్షలు కావు. ఉప్పు శాతాన్ని నాలుక గుర్తిస్తుంది, మడ్డిని కన్ను గుర్తిస్తుంది, కాఠిన్యాన్ని పప్పు గుర్తిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు ఉడకదన్నది రసాయన శాస్త్రం కూడా ఒప్పుకునే మాట. చిక్కంతా ఫ్లోరైడ్‌తోనే వచ్చింది. తాగునీటిలో అది ఉండే మోతాదులో దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అంతకన్నా విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. భూగర్భజలంలో కాల్షియం తగ్గి, సోడియం బైకార్బనేటు పెరిగినచోట ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలుస్తుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే దానితో కలిసి అడుగున చేరుతుంది. అంటే పప్పును త్వరగా ఉడికించే నీరే ఎముకకు చేటు చేసేదై ఉండే అవకాశం ఉంది. సంప్రదాయ పరీక్షలో నెగ్గిన నీరే శరీరానికి కీడైన సందర్భమిది. ‘మంచినీళ్లు’ అన్న మాటలోని నమ్మకానికి దీన్ని మించిన ఎదురుదెబ్బ ఊహించడం కష్టం.

నీరు ఇవ్వని సమాచారాన్ని శరీరం ఇచ్చింది. శాశ్వత దంతాల పింగాణీ పొర ఏర్పడేది బాల్యంలో, ఇంచుమించు ఎనిమిదేళ్ల వయసు వరకు. ఆ కాలంలో తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే తరువాత వచ్చే పళ్ల మీద సున్నపు తెలుపు మచ్చలు, పసుపు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. పెద్దయ్యాక ఆ ఊరికి కాపురానికి వచ్చిన వారికి ఈ చారలు రావు. కనుక పంటి మీది మరక ఒక వ్యక్తి ఏ వయసులో ఎటువంటి నీరు తాగాడో చెప్పే నమోదు పత్రం వంటిది. ఊళ్లో దాన్ని ‘గారపళ్లు’ అన్నారు. గార అంటే పళ్లు తోమనందువల్ల పట్టే మడ్డి. వేపపుల్లతో ఎంత తోమినా పోని మరకను శుభ్రత లేనితనంగా చదివారు. ఆ నమోదు పత్రాన్ని సరిగా చదవగలిగిన జ్ఞానం ఊరికి వెలుపల ఉండిపోయింది.

2. గిండీ ప్రయోగశాల, పొదిలి ఎముకలు

పళ్ల మచ్చలకు నీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1931లో అమెరికాలో తేలింది. ఒక అల్యూమినియం కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన హెచ్.వి. చర్చిల్ ఆర్కన్సాలోని బాక్సైట్ పట్టణపు నీటిని పరీక్షించి ఈ సంగతి కనుగొన్నాడు. ఆరేళ్లకే ఆ జ్ఞానం మద్రాసు ప్రెసిడెన్సీకి చేరి, మరింత భయంకరమైన రూపాన్ని బయటపెట్టింది.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేవి. వానలు తక్కువ, నేల రాతిమయం, తాగడానికి బావినీరే దిక్కు. మద్రాసు శివార్లలోని గిండీలో ఉన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పట్లో డైరెక్టరుగా ఉన్న హెచ్.ఇ. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే సహచరులతో కలిసి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఫ్లోరైడ్ నీటివల్ల ఒక ప్రాంతం ప్రజల అస్థిపంజరమే మారిపోతుందని భారతదేశంలో తొలిసారి రుజువు చేసిన పరిశోధన అది. అదే ఏడాది షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నీటి రసాయనిక ఫలితాలతో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో మరో వ్యాసం వెలువరించారు.

వారు వర్ణించిన క్రమం ఇది. పిల్లల్లో పళ్ల మచ్చలు. ముప్పై ఏళ్ల ప్రాంతంలో కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, ఒంట్లో సూదులు గుచ్చినట్టు పోట్లు. తరువాత నడుము నొప్పి, బిగుసుకుపోవడం. ఆ బిగుపు వెన్ను వెంట మెడ దాకా పాకి, చివరికి వెన్నుపూసలన్నీ అతుక్కొని ఒకే కడ్డీలాగా మారడం. మెడ తిప్పాలంటే మనిషి మొత్తంగా తిరగవలసి రావడం. ఎక్స్‌రే చిత్రాల్లో ఎముకలు మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపించాయి. మద్రాసులో ఎక్స్‌రే విద్యకు ఆద్యుడైన బర్నార్డ్ ఈ బృందంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. నాలుకకు అందని దానిని ఫోటోగ్రాఫిక్ ఫలకం పట్టుకున్నది. 1940లో పండిట్, రాఘవాచారి తదితరులు మరో మెట్టు ఎక్కారు. ఒకే మోతాదు ఫ్లోరైడ్ నీరు తాగినా ఆహారం సరిగా లేని పేదల్లో ఎముకల జబ్బు తీవ్రంగా ఉన్నదని వారు గుర్తించారు. నీటి నాణ్యత నీటిలో మాత్రమే ఉండదని, తాగే మనిషి కంచంలో కూడా ఉంటుందని చెప్పిన తొలి పరిశోధనల్లో ఇది ఒకటి. ఆ తరువాత వచ్చిన ప్రమాణాల పట్టికల్లో కంచానికి చోటు దొరకలేదు.

ఈ పరిశోధనల విలువను తగ్గించవలసిన పనిలేదు. నేటికీ ప్రపంచవ్యాప్తంగా ఫ్లోరోసిస్ గురించి రాసేవారు పొదిలి, దర్శి రోగులతోనే మొదలుపెడతారు. అయితే ఆ వ్యాసాలు ఇంగ్లీషులో, వైద్యుల కోసం, వైద్య పత్రికల్లో వెలువడ్డాయి. సమాచారం పొదిలి నుంచి గిండీకి, గిండీ నుంచి శాస్త్రలోకానికి ప్రయాణించింది. తిరుగు ప్రయాణానికి అవసరమైన తెలుగు మాట ఒక్కటి కూడా అప్పటికి పుట్టలేదు. ‘ఫ్లోరైడ్’ అన్న పదమే అలాగే తెలుగులోకి వచ్చి స్థిరపడడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

3. 1955 డిసెంబరు 10

హైదరాబాదు సంస్థానంలోని ఫ్లోరైడ్ సమస్యను 1945లో డేవర్ ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వెల్లడించాడు. పదేళ్ల తరువాత ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల మీద సవివరమైన వ్యాసం రాశాడు. అది లండన్ నుంచి వెలువడే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1955 డిసెంబరు 10 సంచికలో అచ్చయింది. సరిగ్గా అదే రోజు, అదే నల్లగొండ జిల్లాలోని నందికొండ దగ్గర, కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు.

ఈ రెండు ఘటనల మధ్య ఏ సంబంధమూ లేదు. ఒకదాని సంగతి మరొకదానికి తెలిసి ఉండే అవకాశమూ లేదు. కానీ తరువాతి నలభై ఏళ్ల జిల్లా చరిత్ర ఈ రెండింటి మధ్యనే నడిచింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారి అక్కడి నేలను వరి పొలాలుగా మార్చింది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపున్న ఎత్తు ప్రాంతాలు ఆ కాలువకు అందలేదు. ఫ్లోరైడ్‌ను మోసే గ్రానైటు శిలలు, అందులోని ఫ్లోరైట్, అపటైట్ వంటి ఖనిజాలు, అరకొర వానలు, ఇంకుతూ రాతిని కరిగించుకొనే నీరు అక్కడి జనం వంతుకొచ్చాయి. 1960ల చివరి కరవుల తరువాత గ్రామీణ తాగునీటికి బోరు రిగ్గులు, చేతిపంపులు పరిష్కారమయ్యాయి. సూక్ష్మజీవుల కోణంలో చూస్తే మూతలేని బావి కంటే చేతిపంపు నిస్సందేహంగా మేలు. కలరా, విరేచనాలు తగ్గాలన్న లక్ష్యంతో పంపులు దిగాయి. రాతి లోతుల్లోని నీటిలో ఇంకేముందో అడగడం ఆ లక్ష్యంలో భాగంగా లేదు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో కొత్త లక్షణాన్ని ప్రకటించారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. షార్ట్ వర్ణించిన జబ్బు నడివయసులో వెన్నును బిగిస్తే, ఇది పదిహేనేళ్లు రాకముందే కాళ్లను వంచింది. జలాశయం వచ్చాక పెరిగిన భూగర్భజల మట్టం వల్ల నేలలో, జొన్నల్లో మాలిబ్డినం వంటి సూక్ష్మ మూలకాల పాళ్లు మారి ఇది జరిగి ఉండవచ్చని ఆ సంస్థ పరిశోధకులు భావించారు. పండిట్ 1940లో చెప్పిన కంచం సంగతి మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

4. జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల మధ్యలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పుతారు. పటిక నుంచి ఏర్పడిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ మేఘంలా విచ్చుకొని ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైనీటిని వంచుకొని తాగుతారు. విద్యుత్తు లేకుండా, నలభై లీటర్ల బకెట్టుతో ఇంట్లో కూడా చేసుకోవచ్చు. తరువాతి కాలంలో ఈ పద్ధతి టాంజానియా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాల ఫ్లోరైడ్ ప్రాంతాలకు కూడా వెళ్లింది. ఒక తెలుగు జిల్లా తన వ్యాధి వల్ల ప్రపంచ సాంకేతిక పదజాలంలోకి ఎక్కింది. దీన్ని గౌరవంగా లెక్కించాలో లేదో పాఠకులే నిర్ణయించుకోవాలి.

పటిక తెలుగువారికి కొత్త కాదు గనుక ఈ పద్ధతి ఇంటింటా నిలవాల్సింది. నిలవకపోవడానికి ప్రధాన కారణం కొలత. బురద తేరడానికి పటికముక్కను నాలుగుసార్లు తిప్పితే చాలు. ఫ్లోరైడ్ తీయడానికి ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్న రెండు అంకెల మీద ఆధారపడుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, సున్నం తేడా వస్తే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. ఆ రెండు అంకెలు తెలియాలంటే ఆ ఇంటి నీటిని ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితాన్ని ఆ ఇంటికి చెప్పాలి. బావి మారితే, కాలం మారితే మళ్లీ చెప్పాలి. నివేదన వ్యవస్థ లేనిచోట అటువంటి నివేదన మీదనే నడిచే చికిత్సను ప్రవేశపెట్టడం ఈ పథకంలోని లోపం. రసాయన శాస్త్రంలో లోపం లేదు.

కొలిచే పరికరాలు మాత్రం ఇదే కాలంలో బాగా ముందుకు సాగాయి. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రటి ద్రావణం ఫ్లోరైడ్ తగిలితే వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో కంటితో పోల్చి మోతాదు చెప్పడం పాత పద్ధతి. 1958 నాటికి దాన్ని వేగవంతం చేసిన స్పాడ్న్స్ పద్ధతి వచ్చింది. 1966లో ఫ్లోరైడ్‌ను మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడ్ వచ్చాక దశాంశ స్థానాల దాకా కచ్చితత్వం సాధ్యమైంది.

5. ప్రత్యామ్నాయం లేనప్పుడు

కొలిచిన అంకె ‘మంచి’, ‘చెడు’ అన్న తీర్పుగా మారేది ప్రమాణం దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాము. భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 10500 (2012) రెండు అంకెలు ఇస్తుంది. అంగీకార పరిమితి 1.0. మరో నీటి వనరు లేనప్పుడు అనుమతించదగిన పరిమితి 1.5.

ఈ రెండో వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎముకకు ప్రత్యామ్నాయ వనరు ఉన్నదీ లేనిదీ తెలియదు. 1.0కీ 1.5కీ మధ్య ఉన్న అర మిల్లీగ్రాము పేదరికానికి ఇచ్చిన సడలింపు. శాస్త్ర ప్రమాణంలో ఆర్థిక స్థితి ఇంత స్పష్టంగా రాయబడిన చోట్లు అరుదు. దాపరికం లేనందుకు దాన్ని మెచ్చుకోవచ్చు కూడా. మరొక సంగతి. ఇటువంటి విలువల వెనుక పెద్దలు రోజుకు రెండు లీటర్ల నీరు తాగుతారన్న అంచనా ఉంటుంది. అమెరికా ప్రజారోగ్య సేవ వారి 1962 ప్రమాణాల్లో వేడి ఎక్కువైన ప్రాంతానికి ఫ్లోరైడ్ పరిమితి తగ్గించారు, ఎండలో మనుషులు ఎక్కువ నీళ్లు తాగుతారు గనుక. రోహిణి కార్తెలో మర్రిగూడ చేలల్లో పనిచేసే కూలి తాగేది రెండు లీటర్లతో ఆగదు. అతని అన్నం, పప్పు, గంజి కూడా ఆ నీటితోనే వండుతారు. పరీక్షాపత్రం మీద 1.5 అన్న అంకె ఒక్కటే అయినా, చెట్టుకింద కూర్చున్న గుమాస్తా ఒంట్లోకీ, ఎండలోని కూలి ఒంట్లోకీ చేరే ఫ్లోరైడ్ ఒక్కటి కాదు.

6. బ్యాలెట్ పత్రం ఒక నివేదిక

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపు మేరకు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల వారు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేశారు. కృష్ణా నీటిని ఎత్తు ప్రాంతాలకు తేవాలన్నది వారి కోరిక. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. గెలిచింది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం.

ఈ ఘటనను సాధారణంగా ఎన్నికల చరిత్రలో వింతగానో, నిరసన రూపంగానో చెబుతారు. నీటి పరీక్షల చరిత్రలో దీనికి వేరే స్థానముంది. అప్పటికి ఆరు దశాబ్దాలుగా నీటి ఫలితాలు ఊరి నుంచి బయటకు పోతూ వచ్చాయి. రోగులు ఆ వ్యాసాల్లో సంఖ్యలుగా, వయసులుగా, ఎక్స్‌రే ఛాయలుగా కనిపించారు. 1996లో తొలిసారిగా నీరు తాగిన వారే తమ పేర్లతో, తెలుగు లిపిలో, దేశమంతా చదవక తప్పని పత్రం ఒకటి తయారుచేశారు. నివేదికలో ఉండవలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి: స్థలం, తేదీ, బాధితుల జాబితా, చిరునామాదారు. దానికి వ్యవస్థ ఇచ్చిన వేగవంతమైన జవాబు నీటి రూపంలో రాలేదు. అటువంటి మూకుమ్మడి పోటీలను నివారించడానికి అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇతర రాష్ట్రాల్లోనూ ఆ ఏడాది అటువంటి పోటీలు జరిగాయి కనుక సవరణకు నల్లగొండ ఒక్కటే కారణమనలేము. కారణాల్లో ఒకటనడంలో సందేహం లేదు.

తెలుగు పత్రికలు ఈ కాలంలో ‘ఫ్లోరైడ్ భూతం’, ‘ఫ్లోరైడ్ రక్కసి’ అన్న మాటలను ప్రచారంలోకి తెచ్చాయి. సమస్య తీవ్రతను చాటడంలో అవి పనికొచ్చాయి. అయితే భూతం పట్టినచోట బాధ్యులు ఉండరు, శాఖ ఉండదు, పరీక్ష తేదీ ఉండదు. 1.5 అన్న అంకెను పాఠకుడికి వివరించడం కంటే భూతమనడం సులువు. ఆ సులువుకు కొంత మూల్యం చెల్లించవలసి వచ్చింది.

7. ఆవాసం, పోర్టల్, సున్నా

2006 ఫిబ్రవరిలో కేంద్రం గ్రామీణ తాగునీటి నాణ్యత పర్యవేక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పంచాయతీకి ఐదుగురికి శిక్షణనిచ్చి, క్షేత్రస్థాయి పరీక్షా పెట్టెలు చేతికివ్వాలన్నది అందులోని కీలకమైన ఆలోచన. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఆ ఐదుగురూ మహిళలై ఉండాలన్నది. 2013 నాటి పరీక్షా నియమావళి ప్రకారం రసాయనిక పరీక్ష ఏడాదికి ఒకసారి జరగాలి. బోరు నీటిలో ఫ్లోరైడ్ వానలకు ముందు ఒకలా, తరువాత ఒకలా ఉండవచ్చు. ఏడాదికొక అంకె ఏ నెలదో నివేదిక మీద చూసుకోవడం అవసరం.

తెలంగాణలో 2015 జూన్‌లో చౌటుప్పల్ పైలాన్‌తో మిషన్ భగీరథ మొదలైంది. నదీజలాలు శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఇళ్లకు తేవడం దీని లక్ష్యం. 2015లో రాష్ట్రంలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 ఆగస్టు నాటికి సున్నాకు చేరిందని కేంద్ర జలశక్తి శాఖ వెల్లడించింది. ఇది చిన్న విజయం కాదు. పొదిలి వ్యాసం వెలువడిన ఎనభై మూడేళ్లకు ఒక ప్రాంతపు పిల్లలు గారపళ్లు లేకుండా పెరిగే అవకాశం దొరికింది.

ఆ సున్నా దేనిని లెక్కించిందో చూడటం పరిశోధకుల పని. ప్రభుత్వ గణనలో ప్రమాణం ‘ఆవాసం’. సురక్షితమైన నీటి సరఫరా అందిన ఆవాసం పీడిత జాబితా నుంచి తొలగుతుంది. రాతిలోని ఫ్లోరైడ్, బోరులోని ఫ్లోరైడ్ ఆ జాబితాలో లేవు, ఉండవు. గట్టిపడిన వెన్ను తిరిగి వంగదు కనుక మనుషుల్లోని ఫ్లోరైడ్ కూడా లెక్కలో లేదు. గొట్టం నీరు ఆగిన రోజున ఆ ఆవాసం దేనిని తాగుతుందన్న ప్రశ్న ఆవాసం అన్న ప్రమాణంలో ఇమడదు. దేశంలో పలుచోట్ల తాగకూడని చేతిపంపులకు ఎర్రరంగు వేస్తారు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే నివేదిక అది, బహుశా ఇప్పటివరకు వచ్చిన వాటిలో అన్నింటికన్నా సూటిది. తాగకూడదని చెబుతుంది. తాగవలసినది ఎక్కడుందో చెప్పడానికి ఆ రంగులో చోటు లేదు.

పరీక్షా పెట్టె చేతికొచ్చిన మహిళ గాజునాళికలో నీరు పోసి, ద్రావకపు చుక్కలు వేసి, గులాబి రంగు పసుపువైపు ఎంత తిరిగిందో రంగుల అట్టతో పోల్చి చూస్తుంది. గిండీకి వెళ్లి రావలసిన అంకె ఇప్పుడు ఊరి నడిబొడ్డున, నిమిషాల్లో, ఆమె కళ్ల ముందు పుడుతుంది. ఆమె దాన్ని పోర్టల్‌లో నమోదు చేయిస్తుంది. నమోదుకు పనికొచ్చేవి ప్రభుత్వ రిజిస్టరులో సంఖ్య ఉన్న వనరులు మాత్రమే. ఊరి చివర పత్తిచేలో, పన్నెండు గంటల ఎండలో కూలీలు దోసిలి పట్టే వ్యవసాయపు బోరుకు ఆ రిజిస్టరులో సంఖ్య లేదు.